పాడె ముందు ఏరిన పైసలు

మొగుడి పాడెను భుజాల మీద ఆపించి పైసలు ఏరుకున్న మనిషి అని మా బంధువుల్లో నాకు పేరు. పెళ్లిళ్లలో నన్ను ఎరగనివాళ్లకు నేనెవరో చెప్పాల్సి వస్తే, నేను అటు తిరిగాక ఈ మాటతోనే చెబుతారు. అందులో అబద్ధం లేదు. పాడె ఆపించాను. పైసలు ఏరాను. అవి ఏం పైసలో, ఎందుకు ఏరానో మాత్రం ఎవరూ చెప్పరు. అది నేను రాస్తున్నాను. ఎవరైనా నన్ను మన్నించాలని కాదు.

మాది మేనరికం. ఆయన మా మేనమామ కొడుకు. పెళ్లికి ముందు బావా అని పిలిచేదాన్ని, పెళ్లయ్యాకా అదే పిలుపు మిగిలింది. శ్రీకాకుళం వైపు మా పల్లెలో ఇద్దరి ఇళ్లలోనూ వ్యవసాయమే. తొంభైల మొదట్లో పెళ్లి చేసుకుని గాజువాక వచ్చి, ఒక సందులో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. బావ ఆటోనగర్‌లో అల్యూమినియం పోతపోసే ఒక షెడ్డులో పనికి కుదిరాడు. నేను నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చిన్న ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. మామ పోయాక అత్త కూడా ఊరొదిలి మా దగ్గరికే వచ్చేసింది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఎప్పుడూ మేం ముగ్గురమే.

షెడ్డు గురించి కొంచెం చెప్పాలి. అక్కడికి వచ్చే సరుకంతా పాత అల్యూమినియమే. చిల్లులు పడిన గిన్నెలు, ఫ్యాన్ రెక్కలు, వంకరపోయిన కిటికీ చట్రాలు. వాటిని కొలిమిలో కరిగించి మోటార్ల మూతలూ పంపుల భాగాలూ పోసేవారు. బావ పని సరుకును కొలిమికి సిద్ధం చేయడం. తడి ముక్క ఒక్కటి కరిగిన లోహంలో పడినా అది పేలి మొహం మీదికి చిమ్ముతుంది. అందుకని ప్రతి ముక్కనూ చేత్తో తడిమి చూసి, ఇనప మేకులు పీకేసి, కొలిమి చుట్టూ పరిచి ఆరబెట్టాలి. ఆ తడమడంలోనే ఒకరోజు గోనెసంచి అడుగున, గిన్నెల కింద, బావకు పైసలు దొరికాయి.

ఒక పైసా, రెండు పైసలు, మూడు, ఐదు, పది, ఇరవై. అన్నీ అల్యూమినియంవే. పావలా కంటే చిన్నదాన్ని చూస్తే దుకాణాలవాళ్లు మొహం తిప్పుకోవడం అప్పటికే మొదలైంది. నాణెం మీద రాసిన విలువ కంటే దాని లోహానికే ఎక్కువ ధర వస్తుందని ఎవరో కనిపెట్టారు. గిన్నెల మధ్య పైసలు కలిపి తూకానికి పంపేవారు. నాణేలు కరిగించడం నేరమని అందరికీ తెలుసు. సంచి అడుగున ఏముందో ఎవరూ చూడరు, అంతే.

ఆ సాయంత్రం బావ ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా, నా అరచేతిలో ఒక మూడు పైసల బిళ్ల పెట్టాడు. ఆరు మూలలు. చేతిలో ఉన్నట్టే తెలియనంత తేలిక.

"సిన్నప్పుడు దీనికి బెల్లం జీడి ముక్క వచ్చీది," అన్నాడు. "ఇయ్యాల దీన్ని కరిగించి మోటారు మూత పోయమంతన్నారు. నాకు సెయ్యాడనేదు."

నాకు నవ్వొచ్చింది. దొంగతనం చేసి తెచ్చావా అని అడిగాను.

"దొంగతనం ఏటే? రేపు ఓనరుకి సెప్పేసే తెత్తాను."

మర్నాడు అలాగే చెప్పాడు. యజమాని మంచీ చెడూ ఏమీ మాట్లాడలేదట. కావాలంటే తీసుకో, బరువుకి బరువు వేరే సరుకు వెయ్యి అన్నాడట. తూకం తగ్గకపోతే ఆయనకు చాలు. మా సేకరణ ఆ మాట మీద మొదలై, అదే పద్ధతిలో చివరిదాకా నడిచింది. షెడ్డులోంచి పైసలు బయటికి రావాలంటే మా ఇంట్లోంచి గిన్నెలు లోపలికి పోవాలి.

మొదట వెళ్లింది చెవి విరిగిన టీ గిన్నె. తర్వాత ఒక మూత. తర్వాత గంజి వార్చే సిబ్బి. బాగున్నవి ఇవ్వకూడదని మొదట్లో అనుకున్నాం. కొన్నేళ్లకు ఆ పట్టింపు పోయింది. నా పెళ్లికి మా అమ్మ పెట్టిన అన్నం గిన్నె కూడా వెళ్లిపోయింది. చిన్న పైసలు ఎంత తేలికంటే, ఒక్క గిన్నెకు గుప్పెళ్లకు గుప్పెళ్లు వచ్చేవి. అందులో మాకు లేనివి ఏరుకుని మిగిలినవి బావ వేరే ఉంచేవాడు.

వంట చేసేది అత్త. చేతికి అలవాటైన గిన్నె కనబడక వెతుక్కుని వెతుక్కుని, సంగతి తెలిశాక గుమ్మంలో కూర్చుని వీధికి వినబడేలా అంది.

"రేపు నన్ను కూడా తూకానికేసి రెండు పైసలు అట్టుకొచ్చేత్తారేటి, ఈ మొగుడూ పెళ్లాలు?"

"నిన్నెవలు తీసుకుంతారమ్మా," అన్నాడు బావ లోపల్నుంచి. "నువ్వు కరగవు."

అత్త నవ్వు ఆపుకోలేక చెంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత గిన్నెల గురించి సణగడం మానలేదు కానీ, ఆదివారం మధ్యాహ్నం మేం చాప పరిస్తే తానూ వచ్చి కూర్చునేది.

ఆదివారం పని ఏరడం. ప్రతి రకంలో ప్రతి సంవత్సరానిదీ ఒక్కటి ఉండాలి, అదీ మా లెక్క. ఒకే సంవత్సరానివి రెండుంటే తక్కువ అరిగినదాన్ని ఉంచుకోవాలి. ఆకారాన్ని బట్టి రకం పోల్చుకోవడం తేలిక. ఒక పైసాకు నాలుగు పలకలు, రెండు పైసలకు పువ్వులాంటి అంచు, మూడు పైసలకు ఆరు మూలలు. సంవత్సరం చదవడమే కష్టం. గుమ్మం దగ్గరి వెలుతురులో బిళ్లను ఏటవాలుగా పట్టుకుంటే అంకె కొద్దిగా లేచి కనబడుతుంది. అది నా పని. అంకె కింద చుక్కో, చిన్న నక్షత్రమో, డైమండ్ గుర్తో ఉంటుందని, దాన్నిబట్టి ఏ టంకశాలలో కొట్టారో తెలుస్తుందని నేను లైబ్రరీలో చదివి వచ్చి చెప్పాను. బావ చేతిలోని బిళ్ల చాప మీద పెట్టేశాడు.

"ఇప్పుడు ఒక్కో సమచ్చరానికీ మూడేసి ఎతకాల?"

"ఎతకాల," అన్నాను.

"ఆ లైబ్రరీకి ఎల్లడం మానేయ్," అన్నాడు. కానీ వెతికాడు.

అల్యూమినియంవి షెడ్డులో దొరికేవి. రాగివీ ఇత్తడివీ స్టీలువీ బజారులోనే దొరకాలి. చిల్లర అడిగితే చాక్లెట్ చేతిలో పెట్టే దుకాణాల దగ్గర నేను గల్లా పెట్టె మూలకు చూపు సారించి, ఆ పది పైసల బిళ్లలే ఇవ్వమని అడిగేదాన్ని. వదిలిపోయిందని సంతోషంగా ఇచ్చేవారు. మాకు రెండోసారి వచ్చినవాటిని మేం మళ్లీ బజారులో ఇవ్వడానికి ప్రయత్నించేవాళ్లం. అవి డబ్బు. డబ్బులాగే తిరగాలి.

ఒకసారి గాజువాక నుంచి కాంప్లెక్సు బస్టాండుకు వెళ్లే సిటీ బస్సులో, టికెట్టుకు చిల్లర కింద పది పైసల బిళ్లలు ఇచ్చాను. కండక్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇయ్యి సెల్లవమ్మా."

"చెల్లవని ఎవరన్నారు?"

"ఎవలనాలేటి? ఎవలూ తీసుకోరు."

"మీరు తీసుకోండి. అప్పుడు ఒకరు తీసుకున్నట్టవుతుంది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు. తీసుకోలేదు. నేను వేరే డబ్బులు తీయలేదు. ఆ వాదన పారిశ్రామిక వాడ దాటి, ఓడరేవు క్రేన్లు కనబడేదాకా సాగింది. చివరికి పక్క సీట్లో ఉన్న పెద్దాయన విసుగెత్తి నా టికెట్టుకు తగ్గినదేదో తానిచ్చి, ఆ పది పైసలు నా దగ్గర తీసుకున్నాడు. ఏం చేసుకుంటాడో నేను అడగలేదు. ఒకరు తీసుకున్నారు, అది చాలు.

ప్రభుత్వం అప్పటికి వాటిని రద్దు చేయలేదు. మనుషులే తమంతట తాము రద్దు చేసేశారు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. అవతలివాడు తీసుకోడని ఇవతలివాడు, ఇతను తీసుకోడని ఇంకొకడు. ఈ ఒక్క సంగతిలో నాకూ బావకూ ఒకే మొండితనం. పదిమంది పనికిరాదన్నంత మాత్రాన ఒక వస్తువును పారేయకూడదని. మా సేకరణలో ఇంతకంటే పెద్ద తత్వమేమీ లేదు. ప్రతి నాణెం ఒక చరిత్ర అనీ, ఎన్ని చేతులు మారిందో అనీ ఎవరైనా మొదలుపెడితే నాకు చిరాకు. నాణెం మీద అరిగిన అంకె ఉంటుంది. దాన్ని చదవాలి.

జాకెట్లు కుట్టగా మిగిలిన లైనింగు గుడ్డతో నేను రకానికొక చిన్న తెల్ల సంచి కుట్టాను, నాడా లాగితే మూతి బిగుసుకునేలా. అవన్నీ బావ పెట్టెలో పంచెల కింద ఉండేవి. ఊళ్లో బంధువులెవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. గిన్నెలిచ్చి చెల్లని పైసలు తెచ్చుకుంటున్నారని తెలిస్తే నవ్వుతారు. ఆ నవ్వుకు ప్రతిసారీ జవాబు చెప్పే ఓపిక మాకు లేదు. ఈ చెప్పకపోవడమే తర్వాత మెడకు చుట్టుకుంది.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్లకు బావ పోయాడు. షెడ్డులో పనిచేస్తూ చేస్తూ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. తోటివాళ్లు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. నేను స్కూలు నుంచి వెళ్లేసరికి అయిపోయింది. దీన్ని ఇంతకంటే వివరంగా రాయను. శోకం గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. వాటిలో బాగా రాసినవి కూడా ఉన్నాయి. ఆ రోజు ఒక్కటీ గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఊరి నుంచి బావ వాళ్ల అన్న మనుషులతో వచ్చాడు. నేను ఆయన్ని పెద్ద బావ అంటాను. పనులన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి. మంచి మనిషి. ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు, ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను. శవానికి కట్టడానికి కొత్త పంచె కావాలని నన్ను పెట్టె తాళం అడిగాడు. ఇచ్చాను.

పెట్టెలో పంచెల కింద తెల్లగుడ్డ సంచులు. వాటి నిండా చిల్లర.

మా పల్లెల్లో ముసలివాళ్లు పెట్టె అడుగున సరిగ్గా ఇదే దాచుకుంటారు. తెల్లగుడ్డలో మూటగట్టిన చిల్లర. తాము పోయినప్పుడు పాడె ముందు పేలాలతో కలిపి చల్లడానికి. ఆఖరి ప్రయాణానికి ఇంకొకరి జేబు తడమక్కర్లేకుండా సొంత డబ్బు. శ్మశానం దాకా చల్లాలి కాబట్టి చిన్న బిళ్లలే దాస్తారు. మా అత్త దగ్గర కూడా అలాంటి మూట ఉంది. మా మామకూ ఉండేది. అందుకని ఆ సంచులు చూసినప్పుడు పెద్ద బావకు ఇంకో ఆలోచనే రాలేదు. తమ్ముడికి తన చావు ముందే తెలుసుననీ, ఈ వయసులోనే మూట సిద్ధం చేసుకుని ఎవరికీ చెప్పకుండా ఉన్నాడనీ అనుకున్నాడు. పెట్టె ముందు కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు లోపలి గదిలో ఉన్న నాకు వినబడింది. ఎందుకో నేను అడగలేదు. ఆ రోజు ఎవరి ఏడుపుకూ కారణం అడిగే పని లేదు.

నాడాలన్నీ విప్పి, పైసలన్నీ ఒక చాటలో పోసి, పేలాలు కలిపారు. అత్త శవం పక్కనుంచి కదల్లేదు. మా ఇద్దరికీ తెలియదు.

మధ్యాహ్నం దాటాక పాడె ఎత్తారు. పెద్ద బావ నిప్పుకుండ పట్టుకుని ముందు నిలబడ్డాడు. మోసేవాళ్లలో ఇద్దరు బంధువులు, ఇద్దరు బావతో షెడ్డులో పనిచేసినవాళ్లు. చాట పట్టుకున్న ఒక చుట్టం మొదటి గుప్పెడు తీసి విసిరాడు.

పేలాలతోపాటు నా కాళ్ల దగ్గర ఒక బిళ్ల పడింది. పెద్దగా చప్పుడు కూడా కాలేదు. వంగి చూస్తే మూడు పైసలు. ఆ రోజుల్లో అది ఎవరి జేబులోనూ ఉండదు. తలెత్తి చాట వైపు చూశాను. పేలాల మధ్య అన్నీ ఉన్నాయి, పలకలవీ, పువ్వు అంచువీ, ఇత్తడివీ.

నేను వెళ్లి పాడెకు ఎదురుగా నిలబడ్డాను. ఆగమన్నాను.

"ఏటమ్మా, ఏటైనాది?" అన్నాడు పెద్ద బావ.

"ఆ సాట ఇలగివ్వండి. ఇయ్యి సల్లేవి కావు."

"ఆడు దాసుకున్నాడమ్మా," అన్నాడు ఆయన మెల్లగా, మతి చెదిరినవాళ్లతో మాట్లాడినట్టు. "ముందే సర్దుకున్నాడు మావోడు. ఆడి డబ్బులు ఆడికే."

"సావుకి దాసుకున్నయ్యి కావు, పెద్ద బావా. మేమిద్దరం పోగేసినయ్యి. నాను ఇవ్వను."

తర్వాత చాలామంది ఒకేసారి మాట్లాడారు. ఆడవాళ్లు నా రెక్క పట్టుకుని లాగారు. పిల్లకు మతి పోయింది, లోపలికి తీసుకెళ్లండి అన్నారు. ఎత్తిన పాడెను గడప ముందు దించకూడదని ఒక పెద్దాయన అరిచాడు. దించొద్దు, అలాగే ఉండండి అన్నాను. పొద్దు వాలిపోతోందని ఇంకొకరన్నారు. వాలనివ్వండి అన్నాను. అంతవరకు నేను అంత గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లు ఆ గుంపులో లేరు. నేనూ వినలేదు.

చాట పట్టుకున్నాయన ఇవ్వలేక, ఉంచుకోలేక నిలబడ్డాడు. నేను లాక్కున్నాను. ఒక్కొక్కటీ ఏరితే సాయంత్రం అవుతుంది. పేలాలు తేలిక, పైసలు కూడా తేలికే కానీ పేలాలంత కాదు. బియ్యం చెరిగినట్టు చెరిగాను. వీధి మధ్య, పాడె ముందు, చాట పైకెగరేసి చెరుగుతుంటే పేలాలు ఎగిరి దారి మీదా, మోసేవాళ్ల పాదాల మీదా పడ్డాయి. పైసలు చాట వెనక్కి చేరాయి. చావు జరిగిన ఇంటి ముందు చాట చెరిగిందని తర్వాత నా మీద ఇంకో నేరం చేరింది. అదీ నిజమే.

మోసేవాళ్లు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నారు. షెడ్డు మనుషుల్లో ఒకతనికి ఆ పైసల సంగతి తెలుసు. ఎన్నోసార్లు బావకు ఏరి ఇచ్చినవాడే.

"కానియ్యమ్మా," అన్నాడు. "దినమూ ఇంతకన్నా బరువే మోత్తాం."

పైసల్ని చెంగులో పోసుకుని ముడేశాను. అప్పుడు కొత్త చిక్కు వచ్చింది. చిల్లర చల్లకుండా పాడె కదలకూడదు. మగవాళ్లు జేబులు తడుముకున్నారు. నోట్లున్నాయి, రెండు మూడు రూపాయి బిళ్లలున్నాయి. ఎవరో దుకాణానికి పరిగెత్తబోయారు. ఈలోగా అత్త లోపలికి వెళ్లి వచ్చింది. చేతిలో తన మూట. మాసిపోయిన తెల్లగుడ్డ, మెలిపెట్టి వేసిన ముడి. తెచ్చి పెద్ద బావ ముందు పట్టుకుంది.

"ఇయ్యి సల్లండి."

"అమ్మా, అది నీదే," అన్నాడు ఆయన.

"ఎవలు ముందెల్తే ఆలకి."

ముడి గట్టిపడిపోయి రాకపోతే అత్తే పళ్లతో విప్పింది. పాడె కదిలింది. అత్త పావలాలూ పది పైసలూ వీధి చివరిదాకా పడుతూ పోవడం చూశాను. మలుపు తిరిగాక నేను కింద కూర్చుని, ఆ మొదటి గుప్పెట్లో పడినవాటి కోసం పేలాల్లో వెతకడం మొదలుపెట్టాను. కళ్లు సరిగ్గా కనబడటం లేదు. చేత్తో తడిమి ఏరాను.

అక్కడితో తగాదా తీరలేదు. పాడె ముందుకు పోయిన డబ్బు తిరిగి గడప దాటకూడదని, ఇంటికి మంచిది కాదని చెప్పనివాళ్లు లేరు. ఈ ఇంటికి ఇంకా ఏం జరగాలి అని అడిగాను. అయినా మాట ఆగలేదు. వచ్చినవాళ్లందరూ బావ గురించి రెండు మాటలు, ఆ సంచుల గురించి పది మాటలు. చివరికి పెద్ద బావ, బూడిద సముద్రంలో కలిపే రోజున ఆ పైసలు కూడా కలిపేయాలని తీర్పు చెప్పాడు. నేను కాదనలేదు, అవుననలేదు. సంచులు తీసుకుని వస్తానన్నాను.

యారాడ వెళ్లాం. ఆటోలు కొండెక్కి దిగాయి. మామూలుగా ఆడవాళ్లు రారు, అత్తా నేనూ వెళ్లాం. ఇసకలో తెప్పలు లాగి ఉన్నాయి, ఒక పక్క చేపలు ఎండుతున్నాయి. పెద్ద బావ కుండ తీసుకుని నీళ్లలోకి వెళ్లి చేయాల్సింది చేసి వచ్చాడు. వచ్చి నా వైపు చూశాడు.

నేను చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మోకాళ్ల లోతు దాకా వెళ్లాను. ఒక్కొక్క సంచినీ మూతి బిగించి పట్టుకుని నీళ్లలో ముంచి, కుదిపి, పిండి, అత్త చేతికి ఇచ్చాను. అత్త ఒడ్డున నిలబడి అందుకుని చెంగులో వేసుకుంది. అన్నీ అయ్యాక బయటికి వచ్చాను.

"కలపమన్నాం గానీ కడగమన్నామేటి?" అన్నాడు పెద్ద బావ.

"మైలే కదా మీ బాద. కడిగేసినాను."

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. కళ్లలో నీళ్లతో బతిమాలాడు. "ఆడి పేరు సెప్పి ఒగ్గేయమ్మా. ఆడే పోయినాక ఇయ్యెందుకు?"

"బావ ఉన్నప్పుడు ఇందులో సగం నాయి. ఇప్పుడు అన్నీ నాయే," అన్నాను.

ఆయన అత్త వైపు చూశాడు, ఆవిడైనా ఏదైనా అంటుందేమోనని. అత్త చెంగులోని నీళ్లు పిండుకుంటోంది. ఆటోవాణ్ని బండి తిప్పమన్నాడు. ఆ రోజుకీ, ఇప్పటికీ, నేను చేసింది తప్పేనని ఆయన నమ్మకం. నాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు. ఆయన నమ్మకం ఆయనది. పైసలు నావి.

కొన్ని నెలల తర్వాత పెద్ద బావ ఊరి నుంచి వచ్చినప్పుడు అత్తకు ఒక చిన్న సంచి తెచ్చి ఇచ్చాడు. కొత్త తెల్లగుడ్డ, అందులో రూపాయి బిళ్లలు. పోయిన మూట స్థానంలో. అత్త తీసుకుని తలగడ కింద పెట్టుకుంది. మర్నాడు సందులోకి చేపలమ్మి వస్తే ఆ సంచి విప్పి కవ్వళ్లు కొంది. నేను ఆశ్చర్యపోయి చూస్తుంటే, నూనె తక్కువెయ్యకుండా ఏపు అని చేపలు నా చేతికిచ్చింది. తన ముందు ఏం చల్లుతారని నేను అడిగాను. ఒట్టి పేలాలు చల్లండి, లేకపోతే అవీ ఒద్దు అంది.

యారాడ నుంచి తెచ్చిన పైసల్ని ఆ రోజే మంచినీళ్లతో మళ్లీ కడిగి, డాబా మీద ఎండలో ఆరబెట్టి, సంవత్సరాల వారీగా పేర్చాను. ఒకటి తక్కువైంది. డెబ్బైనాటి రెండు పైసలు. మొదటి గుప్పెట్లో పోయి ఉంటుంది. కాలవలోకి దొర్లిందో, ఎవరి కాలి చెప్పుకు అంటుకుని వెళ్లిందో.

మా స్కూల్లో నాతో పనిచేసే ఒకావిడ కవిత్వం రాస్తుంది. ఈ సంగతంతా విని, ఆ ఒక్కటీ వెతక్కండి, ఆ చోటు ఖాళీగా ఉంచెయ్యండి, ఆయన వెంట తీసుకెళ్లారనుకోండి అంది. మంచి మనసుతోనే అంది. ఆ మాట విన్న మిగతా టీచర్ల కళ్లు చెమర్చాయి. నాకు మాత్రం ఒళ్లు మండింది. బావ ఏమీ తీసుకెళ్లలేదు. చేతికున్న వాచీ కూడా తీసేసే పంపాం. ఒక ఖాళీని చూసుకుంటూ కూర్చుని దానికి అర్థాలు చెప్పుకోవడం నాకు చేతకాదు. లేనిదాన్ని వెతికి తేవడమే మేం ఇన్నేళ్లూ చేసింది. మనిషి విషయంలో ఆ పని చేయలేం. పైసా విషయంలో చేయగలం. చేయగలిగినది చేయకుండా కూర్చోవడానికి నాకు కారణం కనబడలేదు.

చాలాకాలం వెతికాను. పూర్ణామార్కెట్ దగ్గర పేవ్‌మెంటు మీద ఒక ముసలాయన గోనె పరిచి పాత నాణేలు అమ్మేవాడు. నన్ను చూసి దేవుడి బొమ్మలున్న బిళ్లలు చూపించాడు. ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుందన్నాడు. నేను రెండు పైసల గుట్ట ఏదని అడిగాను. పక్కకు తోసి పెట్టిన డబ్బా చూపించాడు.

"ఆ సత్తు బిళ్లలతో ఏటొత్తాదమ్మా?"

"ఏమీ రాదు," అన్నాను.

ఎండలో గొంతుకూర్చుని ఒక్కొక్కటీ ఏటవాలుగా పట్టుకుని చూశాను. ఆయన మధ్యలో టీ తాగి వచ్చాడు. నేను ఇంకా చూస్తూనే ఉన్నాను. దొరికింది. ఆయన అడిగినంత ఇవ్వలేదు, బేరమాడి తీసుకున్నాను.

ఇంటికి తెచ్చి అత్తకు చూపించాను. ఆవిడ కళ్ల దగ్గరగా పెట్టుకుని, వేలితో అంచు తడిమి, పోయినదాని కంటే ఇదే బాగుందంది. నిజమే, దాని అంత అరగలేదు. సంచిలో వేసి నాడా బిగించాను.